ప్లేట్ల సంచీతో హైదరాబాద్: గురువారం నుంచి ఆదివారం దాకా

గురువారం

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి సికింద్రాబాద్ స్టేషన్ బయటికొచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. భుజానికి బట్టల బ్యాగు, చేతిలో పాటల ప్లేట్ల సంచీ, అంటే పాత గ్రామఫోన్ రికార్డులు. వైజాగ్ నుంచి ఆ సంచీని బెర్తు మీద తల పక్కనే నిలబెట్టుకుని తెచ్చాను. ఎల్పీలని, అంటే ఎక్కువసేపు పాడే పెద్ద ప్లేట్లని, పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందవి వంగుతాయి, వంగిన ప్లేటు మళ్ళీ సాఫీ అవడం చాలా కష్టం, పైగా రైల్లో ఎవరి సూట్‌కేసు ఎప్పుడు వచ్చి మీద పడుతుందో చెప్పలేం కదా.

మాది పెద్ద సంఘమేం కాదు. వైజాగ్‌లో కొందరం, బెజవాడలో ఒకరు, వరంగల్‌లో ఒక లెక్చరర్ గారు, హైదరాబాద్‌లో మా బావ, వాళ్ళ స్నేహితులు. సినిమా పాటలు మాకూ ప్రాణమే, కానీ మేం వెతికేది సినిమాకి బయట పుట్టిన పాట. పెద్ద కంపెనీ అండ లేకుండా, అమ్ముడవుతుందో లేదో చూసుకోకుండా, నలుగురు కూర్చుని చేసుకున్న పాట. అది మాంచెస్టర్‌లో పుట్టినా, కలకత్తాలో పుట్టినా, తెనాలిలో పుట్టినా మాకు ఒకటే. దొరికిన ప్లేటు ఒకరి బీరువాలో ఉండిపోకూడదన్నది మా నియమం. తీసుకున్నవాళ్ళు కనీసం ఇంకొక్కరినైనా కూర్చోబెట్టి వినిపించాలి, ఆ తర్వాత ముందుకి పంపాలి. వెయ్యి కాపీలు మాత్రమే అచ్చయిన పాట ఇన్నేళ్ళు బతికిందంటే ఎవరో ఒకరు ఇంకొకరి చేతిలో పెట్టబట్టే. అది నేను గట్టిగా నమ్ముతాను.

బావ వాళ్ళది పద్మారావునగర్. స్నానం, ఉప్మా అయ్యాక జుమ్మెరాత్ బజార్‌కి బయల్దేరాం. పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే పాత సామాన్ల సంత అది. పరదాలు పరిచి వాటి మీద కుక్కర్ మూతల నుంచి కుట్టు మిషన్ల దాకా పోస్తారు. ప్లేట్లు ప్రతివారం ఉంటాయని చెప్పలేం. ఉన్నా ఎక్కడుంటాయో చెప్పలేం, ఒక్కోసారి ఫ్యాన్ రెక్కల కింద, ఒక్కోసారి ఎక్స్‌రే ఫిల్ముల మధ్య. ఈసారి ఒక పాత రేడియోల ఆయన దగ్గర అట్టపెట్టె నిండా దొరికాయి, పక్కనే ఒక హెచ్‌ఎంవీ ఫియెస్టా, సూట్‌కేసులా మూత వేసుకుని పట్టుకెళ్ళే ప్లేయరు, ముల్లు చెయ్యి విరిగిపోయి ఉంది.

తెలుగు ఇళ్ళనుంచి వచ్చిన పెట్టె అని పైన చూస్తేనే తెలిసిపోతుంది, ఘంటసాల భగవద్గీత ఉంటుంది. దాని కింద హిందీ సినిమాలు, కొన్ని ఖవ్వాలీలు, దమ్ దమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన ఇంగ్లిష్ పాప్ ఎల్పీలు. అట్ట చూసి కొనకూడదు, ప్లేటు బయటికి తియ్యాలి, ఎందుకంటే ఈ సంతల్లో అట్ట ఒకటి, లోపల ప్లేటు ఇంకోటి ఉండడం మామూలే. తీశాక ఎండకి ఏటవాలుగా పట్టుకుని చూడాలి. నిలువుగా చూస్తే అన్నీ నల్లగా నిగనిగలాడుతూ బాగానే కనిపిస్తాయి, ఏటవాలుగా పట్టినప్పుడే గీతలు తేలతాయి. వేలిగోరుకి తగలని సన్న గీత పాట మీద చిటపటగా వినిపిస్తుంది, అంతే. గోరుకి తగిలితే మాత్రం ముల్లు అక్కడ గెంతుతుంది, లేదా ఆగి తిరిగిందే తిరుగుతుంది.

పెట్టె అడుగున అట్ట కూడా లేకుండా ఒక 78 ప్లేటు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం. లేబుల్ మీద తెలుగు అక్షరాలు సగం చెరిగిపోయాయి కానీ ‘బుర్రకథ’ అన్నది, ‘భాగం 3’ అన్నది చదవొచ్చు, తిప్పితే భాగం 4. 78లో ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. అందుకని బుర్రకథ గానీ నాటకం గానీ ఎక్కించాలంటే అరడజను ప్లేట్ల సెట్టు వేసేవాళ్ళు. ఇళ్ళు పంచుకున్నప్పుడు సెట్లు కూడా విడిపోయాయి.

“కిత్నే కా భాయ్?” అన్నాడు బావ.

“పాంచ్ సౌ. పురానా మాల్ హై సాబ్, అబ్ కహాఁ మిల్తా.”

బావ దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేసి నాలుగడుగులు నడిచాడు. వెనక నుంచి పిలుపొచ్చింది, 150కి తెగింది. ఇంకో 100కి వెంచర్స్ అనే గిటార్ బ్యాండు ఎల్పీ ఒకటి, గిటార్ నేర్చుకుంటున్న బావ కూతురి కోసం.

అక్కణ్ణించి ఆటోలో లాడ్ బజార్‌కి వెళ్ళాం, అక్క లక్క గాజులు తెమ్మంది. కొలిమి పక్కన కూర్చుని లక్క ముద్దని వేడి మీద సాగదీసి, గాజు చుట్టి, మెత్తగా ఉండగానే అద్దాలు పొదుగుతున్న ఆయన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. సంచీలో ఉన్న బుర్రకథ కూడా అదే లక్క. 78 ప్లేట్లలో సుమారు పావు వంతు లక్క, మిగతాది రాతిపొడి, నూలు పోగులు, నలుపు కోసం మసి. ప్రపంచానికంతటికీ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేది. రెండో ప్రపంచ యుద్ధంలో అది అందక బ్రిటన్‌లో, అమెరికాలో పాత ప్లేట్లు వెనక్కి తీసుకుని కరిగించి కొత్తవి పోశారు, ఎన్ని పాటలు అలా పోయాయో. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. లక్కతో చేసిన ప్లేట్లకి అలాంటి గుర్తింపు ఏదీ లేదు, వాటిని మనమే చూసుకోవాలి.

శుక్రవారం

ఈ ప్రయాణం మొత్తం ఈ రోజు కోసమే.

వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు, బావకి తెలిసినవాళ్ళ ద్వారా పరిచయం. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేస్తున్నారు, సామాను తగ్గించుకోవాలి, ప్లేట్లు ఎవరికైనా ఇవ్వాలి, కానీ పాత సామాన్లవాడికి ఇవ్వనన్నారట. మేం వెళ్ళేసరికి హాల్లో టేకు పెట్టె ఒకటి తెరిచి ఉంది, పక్కన స్టూలు మీద గారార్డ్ ఛేంజర్ అనే పాత రికార్డ్ ప్లేయరు, ఇంకా పనిచేస్తోంది. నేను జేబులోంచి నా జాబితా తీయబోతుంటే ఆవిడ ఆపేశారు.

“నాయనా, ముందు కాఫీ తాగండి. తర్వాత ఒక్కొక్కటీ వేస్తాను, విని తీసుకోండి. వినకుండా మాత్రం ఏదీ గుమ్మం దాటదు.”

మా నియమం ఆవిడకి ఎవరూ చెప్పలేదు!

ఆ ఛేంజర్ ముల్లు పక్కన చిన్న మీట ఉంది. అటు తిప్పితే 78 ముల్లు, ఇటు తిప్పితే ఎల్పీ ముల్లు. ఇది తెలియక చాలామంది పాత ప్లేట్లు పాడు చేస్తున్నారు కాబట్టి ఇక్కడ చెప్పాలి. 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్ ముల్లు కావాలి. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంటే మొన వ్యాసార్థం దాదాపు 0.075 మిల్లీమీటర్లు. 1948లో కొలంబియా తెచ్చిన 33⅓ వేగం ఎల్పీలో గాడి చాలా సన్నం, దాని ముల్లు 1 మిల్ లోపు. సన్న ముల్లు 78 మీద పెడితే గాడి అడుగున దొర్లుతూ దుమ్మునే వినిపిస్తుంది. లావు ముల్లు ఎల్పీ మీద పెడితే గాడిని గీసి పారేస్తుంది.

మొదట సాలూరి రాజేశ్వరరావు గారు స్వయంగా పాడిన ‘పాట పాడుమా కృష్ణా’. చిటపటల వెనక నుంచి ఆ లేత గొంతు వచ్చేసరికి బావ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. సంగీత దర్శకుడిగానే ఎరిగిన మనిషి, ఏ కథా ఏ హీరో లేకుండా తన కోసం తను పాడుకున్నట్టు పాడుతున్నాడు. వీటిని ప్రైవేటు పాటలనేవాళ్ళు. రేడియోలోనూ ప్లేట్ల మీదా వచ్చిన ఈ పాటలు మన పెద్దవాళ్ళకి నోటికొచ్చు, మన తరానికి వచ్చేసరికి పేర్లు కూడా తెలీవు. వేరే దేశాల్లో ఇలాంటి పాట ఒక్కటి దొరికితే పండగ చేసుకుని మళ్ళీ అచ్చు వేస్తారు.

తర్వాత టంగుటూరి సూర్యకుమారి. ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’. లేబుల్ చూడగానే నాకు చేతులు ఆగలేదు.

“ఇది సినిమా కోసం రాసింది, తెలుసుగా?” అన్నారు టీచరమ్మ.

తెలుసు. శంకరంబాడి సుందరాచారి గారు 1942లో ‘దీనబంధు’ సినిమా కోసం రాస్తే సినిమావాళ్ళు వద్దన్నారు. సూర్యకుమారి దాన్ని ప్రైవేటు రికార్డుగా పాడింది. బడిపిల్లల నోట పడి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం దాకా వెళ్ళింది. ఇండిపెండెంట్ మ్యూజిక్ అంటే ఏదో విదేశీ మోజు అనుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే కథ ఇదే. సినిమా వద్దన్న పాటని ఒక అమ్మాయి గొంతు, ఒక లక్క ప్లేటు ఊరూరికీ చేర్చాయి. వింటుంటే టీచరమ్మ చెయ్యి కుర్చీ చేతి మీద తాళం వేస్తూనే ఉంది. “మా బడిలో మేం ఇంకా నెమ్మదిగా పాడేవాళ్ళం. ఈవిడ హుషారు చూడండి,” అన్నారు.

పెట్టెలో సగం ఇవి. మిగతా సగం చూసి బావా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. అన్నీ 7 అంగుళాల ఇంగ్లిష్ సింగిల్స్, 45 వేగంవి. టీచరమ్మ తమ్ముడు ఓడల్లో ఇంజినీరట, 1970ల చివర్లో ఇంగ్లండ్ రేవుల్లో ఓడ ఆగినప్పుడల్లా ప్లేట్ల షాపులకి వెళ్ళి కొత్త కుర్రాళ్ళ బ్యాండులవి కొనేవాడు. “రేకు డబ్బా మోగించినట్టుందిరా అనేదాన్ని. వాడు మాత్రం, అక్కా, వీళ్ళు సొంత డబ్బుతో వేసుకున్నారు, ఒక్కసారి విను, అనేవాడు. ఇప్పుడు వాడు లేడు. నేనే వింటుంటాను.”

ఒక సింగిల్ తీసి దీపం కిందకి తెచ్చాను. పాట అయిపోయాక లేబుల్‌కీ గాడులకీ మధ్య ఖాళీ నల్లటి పట్టీ ఉంటుంది, ముల్లు అక్కడ ఊరికే తిరుగుతుంది. ప్లేటు నెంబరు అక్కడ చెక్కుతారు. మిషన్ అక్షరాలు కొన్ని, వాటి పక్కన చేత్తో గీకిన వంకర అక్షరాలు: ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’. అది జార్జ్ పెక్హమ్ సంతకం. లండన్‌లో మాస్టర్ మీద, అంటే మిగతా కాపీలకి మూలమైన మొదటి పళ్ళెం మీద, గాడి కోసే ఇంజినీరు ఆయన, తనకి నచ్చేలా కోసిన ప్లేట్ల మీద అలా రాసేవాడు, కొన్నిటి మీద బ్యాండు చెప్పిన చిలిపి మాటలు కూడా చెక్కేవాడు. ప్లేటుని దీపానికి కొంచెం కొంచెం తిప్పితేగానీ ఆ గీతలు కనపడవు. ఆ తమ్ముడుగారు చూశారో లేదో. టీచరమ్మ మాత్రం ఇన్నేళ్ళలో మొదటిసారి చూసి, కళ్ళజోడు సవరించుకుని, మిగతావన్నీ వరసగా తీసి దీపం కింద పెట్టి చూడడం మొదలుపెట్టారు. మేం భోజనం టైము దాటిపోయినా అక్కడే ఉన్నాం.

చివరికి తెలుగు ప్లేట్లు మాకు ఇచ్చారు. తమ్ముడి సింగిల్స్ మాత్రం ఇవ్వలేదు, ‘అప్పు’ ఇచ్చారు, ఒక నోటుబుక్కులో మా పేర్లు, ప్లేట్ల పేర్లు రాసి సంతకం పెట్టించుకున్నారు. అదే సరైన పద్ధతి, మా గుంపు కూడా అలా నోటుబుక్కు పెట్టుకోవాలి.

సాయంత్రం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి బావ టర్న్‌టేబుల్‌కి బెల్టు తెచ్చుకున్నాం. రాత్రి ప్లేట్లు తుడవడంతోనే సరిపోయింది. ఎల్పీలకైతే డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుకోవచ్చు. 78లకి చుక్క కూడా తగలనివ్వకండి, ఆల్కహాల్‌లో లక్క కరుగుతుంది, పాట తుడుచుకుపోతుంది. వాటికి డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క పాత్రల లిక్విడ్, మెత్తటి గుడ్డ చాలు, గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, లేబుల్ తడవకూడదు. వైజాగ్‌లో మాకు చెమ్మ వల్ల అట్టలకి బూజు పడుతుంది, ఇక్కడ దుమ్ము ఎక్కువ, మే నెలలో అయితే ఎండ పడే గోడ పక్కన పెట్టిన ఎల్పీ చేతికి వంకరగా వస్తుంది.

శనివారం

పొద్దున్న బంజారాహిల్స్‌లో లామకాన్‌కి వెళ్ళాం. 2010లో మొదలైంది, పెద్ద రాతిబండ పక్కన చెట్ల కింద కూర్చుని చాయ్ సమోసాలతో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అక్కడ బావ స్నేహితుడొకడు కలిశాడు, తెలుగులో సొంత పాటలు కట్టి పాడే కుర్రాడు. వాడి పాటలన్నీ ఫోనుల్లోనే ఉన్నాయి. వాడికి ఒకటే టెన్షన్, యాప్‌లో పాట ఎవరు విన్నారో, విని ఏమనుకున్నారో తెలీదు, రేపు ఆ యాప్ మూసేస్తే పాట ఏమవుతుందో తెలీదు.

“అన్నా, నా పాట వంద ప్లేట్లు కొట్టించాలంటే అయితదా?” అన్నాడు.

అవుతుంది, కానీ ఎందుకు ఖరీదో అర్థం చేసుకోవాలి. ముందు లక్కరు పూత పూసిన అల్యూమినియం పళ్ళెం మీద పాటని గాడిగా కోస్తారు. దాని మీద వెండి చిలకరించి, నికెల్ పోత ఎక్కించి, ఆ పోతని ఊడదీస్తారు. గాడులు అందులో గట్లుగా తేలతాయి. అలా రెండు మూడు పోతల మీద అచ్చుపళ్ళెం తయారవుతుంది. వేడి పీవీసీ ముద్దని రెండు అచ్చుపళ్ళేల మధ్య పెట్టి నొక్కితే అర నిమిషంలో ప్లేటు. అంటే వంద ప్లేట్లకైనా వెయ్యి ప్లేట్లకైనా మొదటి ఖర్చు అంతే, అందుకే తక్కువ కాపీలకి ఒక్కో ప్లేటు మీద భారం ఎక్కువ. మన దేశంలో క్యాసెట్లు వచ్చాక 1990ల మొదట్లో ప్లేట్ల తయారీ ఆగిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత, 2024లో, ముంబైలో మళ్ళీ ప్రెస్సింగ్ మొదలైంది. ఇదివరకు యూరప్ నుంచి తెప్పించుకోవాల్సిన పని, ఇప్పుడు లారీలో వస్తుంది.

వాడికి చూపించడానికే బజ్‌కాక్స్ ‘స్పైరల్ స్క్రాచ్’ తెచ్చాను, 2017లో మళ్ళీ అచ్చు వేసిన రీఇష్యూ. ఆ బ్యాండు మాంచెస్టర్ కుర్రాళ్ళు ఇంట్లోవాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా 500 పౌన్లు అప్పు చేసి, 1977 జనవరిలో సొంతంగా పెట్టుకున్న చిన్న రికార్డు కంపెనీ పేరు మీద 1000 కాపీలు వేసుకున్నారు. నాలుగు పాటలు. అట్ట వెనక ఏ పాట ఎన్నో టేకో, మీద ఏం కలిపారో రాసి పెట్టారు. పాట చెయ్యడం అంటే ఇంతే, మీరూ చెయ్యొచ్చు అని చెప్పినట్టు. వెయ్యి కాపీలు అయిపోయి, మళ్ళీ మళ్ళీ వేయాల్సొచ్చి, పదహారు వేలు దాటాయి. కుర్రాడు ఆ అట్టని వెనక వైపే పట్టుకుని చాలాసేపు చదివాడు, పాట ఇంకా వినకుండానే.

సాయంత్రం బావ వాళ్ళ మేడ మీది గదిలో సభ. చాపలు పరిచి, ఫ్యాను చప్పుడు రాకుండా ఆపేసి, కిటికీలు తీసి పెట్టాం. మిర్చి బజ్జీలు ఉన్నాయి కానీ ప్లేట్లు ముట్టుకునేవాళ్ళు చెయ్యి కడుక్కుని రావాలని అక్క ముందే ప్రకటించింది. మాట్లాడుకోవడాలు ప్లేటు తిప్పేటప్పుడు మాత్రమే. ఎల్పీకి ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు, అంతసేపు నలుగురు మనుషులు ఫోను చూడకుండా ఒక గదిలో కూర్చోవడం ఈ రోజుల్లో చాలా పెద్ద విషయం. ఎవరికి ఏ పాట దగ్గర మొహం విప్పారిందో పక్కవాళ్ళకి కనిపిస్తుంది. నేను ఒంటరిగా విన్నప్పుడు ఎప్పుడూ పట్టించుకోని పాట, ఇంకొకరు ‘ఆ, ఇది మళ్ళీ వెయ్యి’ అన్నందువల్ల నాకు ఇష్టమైపోయిన సందర్భాలు ఉన్నాయి.

మొదట జాయ్ డివిజన్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’, 1979. నల్లటి అట్ట మీద తెల్లటి గీతలు, బ్యాండు పేరు కూడా ముందు వైపు ఉండదు. ఆ గీతలు మొదట కనుక్కున్న పల్సార్ అనే రకం నక్షత్రం తాలూకు రేడియో సంకేతాలు. టీ షర్టుల మీద హైటెక్ సిటీలో రోజూ కనిపించే బొమ్మే, దాని వెనకున్న పాటలు విన్నవాళ్ళు తక్కువ. ఈ ప్లేటునీ స్పైరల్ స్క్రాచ్‌నీ నిర్మించింది ఒకడే, మార్టిన్ హానెట్. పక్కపక్కన వేసి చూపిస్తే తెలుస్తుంది, రెండేళ్ళలో ఆ మనిషి చెవి ఎంత దూరం పోయిందో. మొదటిది గదిలో కొట్టినట్టుంటుంది, రెండోది డ్రమ్ము దెబ్బ కూడా ఎక్కడో ఖాళీ గోడౌన్‌లోంచి వచ్చినట్టుంటుంది.

లోపలి పాటకి వచ్చేసరికి శబ్దం కొంచెం మసకబారిందని ఒకావిడ గమనించింది. నిజమే. ప్లేటు తిరిగే వేగం ఒకటే అయినా అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి యాభై సెంటీమీటర్ల గాడి పోతుంది, లేబుల్ దగ్గర ఇరవై చిల్లరే. అదే పాట తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే తెలిసినవాళ్ళు నెమ్మది పాటల్ని చివర పెడతారు. మన కుర్రాడు వెంటనే తన పాటల వరస కాగితం మీద మార్చి రాసుకున్నాడు.

ఆ తర్వాతది చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమాల్లో గిటారూ సింథసైజరూ వాయించిన మనిషి, 1982లో మూడు రోలాండ్ ఎలక్ట్రానిక్ వాయిద్య యంత్రాలతో పది రాగాలు డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్ళకి చికాగోలో ఆ మూడిట్లో ఒకటైన టీబీ 303తోనే యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టింది. 2010లో నెదర్లాండ్స్ నుంచి ఒకాయన దీన్ని మళ్ళీ అచ్చు వేశాక ప్రపంచం నోరెళ్ళబెట్టింది, డెబ్భై దాటిన వయసులో ఆయన యూరప్ వెళ్ళి కచేరీలు చేశాడు. మేం వేసింది ఆ రీఇష్యూనే. రెండు నిమిషాలు కాలేదు, కింద వాటాలో ఉండే వయొలిన్ మాస్టారు మెట్లెక్కి వచ్చారు. గోల ఎక్కువైందని అంటారేమోనని బావ లేచి నిలబడ్డాడు.

“ఇది మోహన కదయ్యా, ఎవరు వాయించేది?”

అట్ట మీద భూపాలి అని ఉంది. మాస్టారికి కుర్చీ వేశాం. మాల్‌కౌన్స్ రాగానే “హిందోళం” అన్నారు, యమన్‌కి “కల్యాణి” అంటూ కళ్ళు మూసుకున్నారు. యంత్రం గమకం పలకదు కదా మాస్టారూ అని బావ అడిగితే, స్వరం నుంచి స్వరానికి జారుతున్నాడు చూడు, ఆ పిచ్చి యంత్రం చేత జారుడు పలికించాడు, చేతిలో సంగీతం లేనివాడు ఇది చెయ్యలేడు అన్నారు. నేను ఈ ప్లేటు ఎన్నోసార్లు విన్నాను, దాని గురించి చదివాను. ఆ జారుడు మాత్రం మాస్టారి పక్కన కూర్చున్నాకే వినపడింది.

రూపా అనే గాయని ‘డిస్కో జాజ్’ కూడా వేశాం. 1982లో కెనడాలోని క్యాల్గరీలో ఆశిష్ ఖాన్ సరోద్‌తో కలిసి చేసిన ప్లేటు, అమ్ముడుపోలేదు. దాని కోసం జనం ఇంటర్నెట్‌లో వెతుకుతున్నారని దశాబ్దాల తర్వాత ఆవిడ కొడుకు కనిపెట్టి చెప్పేదాకా ఆవిడకే తెలీదు. 2019లో చికాగోలోని న్యూమెరో గ్రూప్ అనే రికార్డు కంపెనీ మళ్ళీ తెచ్చింది. బావ కూతురు లేచి డాన్స్ చేసింది, నేల అదిరి ముల్లు గెంతింది, చాప మీద కూర్చునే ఊగమన్నాం.

చివర్లో టీచరమ్మ ప్లేట్లు. అలాంటి యంత్రాల మోత తర్వాత సూర్యకుమారి గొంతు ఎలా ఉంటుందోనని నాకు అనుమానం ఉండింది. ఏమీ కాలేదు. పైగా మాస్టారు, అక్క, కింద వాచ్‌మన్ భార్య కూడా అందుకున్నారు, గదిలో తెలుగు తెలిసిన అందరికీ అది వచ్చు. పాటలు కట్టే కుర్రాడు మాత్రం పాడకుండా ప్లేటునే చూస్తూ కూర్చున్నాడు. సినిమా కాదన్న పాట అని అప్పుడే చెప్పాను వాడికి.

ఆదివారం

ఎర్రగడ్డ సంతకి మెట్రోలో వెళ్ళాం, స్టేషన్ దిగితే అక్కడే. ప్లేట్లు దొరకలేదు, ఒక పాత కాస్మిక్ యాంప్లిఫయర్ కనిపించింది, ధర కుదరలేదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల బజారులో బావకి రెండు పాత సంగీత పత్రికలు దొరికాయి. ఎండ మండిపోతోంది, ఇరానీ చాయ్ తాగి ఇల్లు చేరాం.

మధ్యాహ్నం పంపకాలు. జాయ్ డివిజన్ బావ దగ్గర. చరణ్‌జిత్ సింగ్ వయొలిన్ మాస్టారి దగ్గర, ఆయనకి టర్న్‌టేబుల్ లేదు, మేడెక్కి వచ్చి వింటానన్నారు. స్పైరల్ స్క్రాచ్ కుర్రాడి దగ్గర. రూపా వరంగల్ లెక్చరర్ గారికి వెళ్తుంది. నాతో వైజాగ్ వచ్చేవి టీచరమ్మ ఇంగ్లిష్ సింగిల్స్. ఆవిడ తెలుగు ప్లేట్లూ బుర్రకథా మాత్రం ఎక్కడికీ ప్రయాణం చెయ్యవు, 78లు కింద పడితే రెండు ముక్కలే. వాటిని సరైన ముల్లుతో, సరైన వేగంతో కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కుర్రాడు తీసుకున్నాడు. చిటపటలు తుడిచే సాఫ్ట్‌వేర్ ఎక్కువ వాడొద్దని చెప్పాను, దుమ్ముతోపాటు గొంతులో జీర కూడా కొట్టుకుపోతుంది.

నాంపల్లిలో గోదావరి ఎక్కి సంచీని తల పక్కన సర్దుకుంటుంటే టీచరమ్మ ఫోన్ చేశారు. ఎక్కించిన పాటలు పెన్‌డ్రైవ్‌లో రెండు కాపీలు కావాలట, ఒకటి ఆవిడకి, ఒకటి కాకినాడలో ఉన్న చెల్లెలికి. సింగిల్స్ వైజాగ్‌లో ఎవరెవరు విన్నారో పేర్లతో సహా రాసి పంపమన్నారు, నోటుబుక్కులో తమ్ముడి పేరు కింద ఎక్కించుకుంటారట. డిసెంబర్‌లో వైజాగ్‌లో కూర్చుందాం, మీరు కూడా రండమ్మా అన్నాను. మోకాళ్ళ నొప్పులు, అయినా లోయర్ బెర్తు దొరికితే చూస్తానన్నారు. టికెట్ నేనే చేయిస్తానని చెప్పాను.